నీడ పొట్టి కాకముందే

కొండలెక్కాలంటే వానాకాలమే అని మనవాళ్లలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. జూలై వచ్చిందంటే జలపాతాల ఫోటోలు, మబ్బు దిగిన ఘాట్ రోడ్ల వీడియోలు మొదలవుతాయి. దసరా దాకా అదే జోరు. సంక్రాంతి వెళ్లిందో లేదో బూట్లు అటకెక్కుతాయి. "ఎండిపోయిన అడవిలో చూడ్డానికేముంది, మోడులు తప్ప?" అని నడక బృందాల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఫిబ్రవరిలో ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్లు ఔనౌనంటారు.

ఆ మాటతో నాకు పేచీ ఉంది. నల్లమల, శేషాచలం, లంకమల, రాచకొండ, వికారాబాద్ దగ్గరి అనంతగిరి లాంటి మన పొడి అడవుల్లో కాలినడకకు ఏడాది మొత్తమ్మీద మంచి నెల ఏదంటే, శివరాత్రికీ ఉగాదికీ నడుమ ఉన్న నెల. కాకపోతే ఆ నెల మనకు రోజంతా ఇవ్వదు. పొద్దున మూడు గంటలు ఇస్తుంది. ఆ మూడు గంటల బేరం ఒప్పుకోనివాళ్లే ఫిబ్రవరి, మార్చి నెలలను తిట్టుకుంటారు.

మారేడుమిల్లి, అరకు వైపు సంగతి వేరు. అక్కడ వానెక్కువ, అడవి ఇంతగా బోసిపోదు, వేసవి తొలి జల్లులు పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. ఇక్కడ రాస్తున్నది ఆ కొండల గురించి కాదు.

పంచాంగం కంటే ముందొచ్చే వసంతం

పంచాంగంలో వసంతం చైత్రంతో మొదలు. ఫాల్గుణం శిశిరం ఖాతాలో ఉంటుంది. అడవికి ఆ లెక్క పట్టదు. హోలీ నాటికే మోదుగ విరగబూసి ఉంటుంది. ఆ పూలు ఉడకబెట్టి తీసిన నారింజరంగు నీళ్లతోనే పల్లెల్లో హోలీ ఆడేవాళ్లు. హోలీ ఫాల్గుణ పౌర్ణమి, అంటే ఉగాదికి ఇంకా పక్షం రోజులుంది. బూరుగ అంతకన్నా ముందే ఎర్రబడుతుంది. రాళ్ల గుట్టల మీద ఒక్క ఆకు లేకుండా అరచేతి వెడల్పు పసుపు పూలతో నిలబడేది కొండగోగు. సున్నం కొట్టినట్టు తెల్లగా మెరిసే మానుతో తపసి ఉంటుంది. దాని బంక గిరిజనులకు ఈ కాలపు రాబడి. దాని కాయల మీది నూగు మాత్రం చేతికి తగిలితే గుచ్చుకుంటుంది, తాకకుండా చూసి రావడం మేలు.

ఆకులు రాలడాన్ని చావుకింద జమకట్టడం వల్లే ఈ "మోడులు" అన్న మాట వచ్చింది. నేలలో తడి తగ్గుతున్నప్పుడు ఆకులుంటే ఉన్న నీరు కాస్తా ఆవిరై పోతుంది, అందుకని చెట్టు వాటిని వదిలించుకుంటుంది. అడ్డం పోయాక పువ్వు పిట్టలకు దూరం నుంచే కనబడుతుంది. ఇంకో విచిత్రం, కానుగ, రావి లాంటివి వాన ఊసే లేని రోజుల్లో, ఎండ ముదురుతుండగా చిగురేస్తాయి. పైన నేల బీటలు వారుతుంటే లోతు వేళ్లకు అందిన తడితో లేత రాగిరంగు ఆకు తొడుగుతాయి. ఇది చూడాలంటే వానాకాలంలో వెళ్లి లాభం లేదు కదా.

మోదుగనే దగ్గరికి తీసుకుని చూడండి. మొగ్గలు నల్లటి మఖమలు తొడుగులో దాచిన గోళ్లలా వంగి ఉంటాయి. తొడుగు తాకితే లేత దూడ చెవిలా మెత్తగా తగులుతుంది. విచ్చుకున్నాక అయిదు రేకుల్లో రెండు అతుక్కుని చిలక ముక్కులా వంకర తిరుగుతాయి, కేసరాలన్నీ వాటి లోపలే. ఒక్కో పువ్వు అడుగున ఒక బొట్టు తీపి నీరు. పొద్దున ఏడింటికి ఒక పూసిన మోదుగ ముందు పావుగంట కదలకుండా కూర్చుంటే గోరువంకలు, తేనెపిట్టలు, పికిలిపిట్టలు, ఏట్రింతలు వంతులేసుకుని రావడం చూడొచ్చు. ఆ పావుగంట కూడా ఆగకుండా కొమ్మ పట్టి ఊపి, రాలుతున్న పూల కింద నిలబడి ఫోటో తీసుకునేవాళ్లే ఎక్కువ. ఊపిన కొమ్మకు ఆ ఏడు కాయ తగ్గుతుంది. మోదుగ కాయ చూస్తే ఆ నష్టం తెలుస్తుంది. చప్పటి పట్టీలాంటి కాయ మొత్తానికి కొసన ఒకటే గింజ.

ఇక చూపు. శ్రావణంలో నల్లమల దారిలో అయిదు మీటర్ల అవతల ఏముందో తెలియదు. అంతా ఆకుపచ్చ గోడ. ఫాల్గుణంలో యాభై మీటర్లు లోపలికి కనబడుతుంది. పాత గూళ్లు, పుట్టలు, వాగు వంపులు, రాతి పొరలు అన్నీ బయటపడతాయి. ఎండుటాకుల మీద ఉడుత కదిలినా చప్పుడే. కంసాలిపిట్ట టుక్కు టుక్కు మని కొట్టడం మొదలెట్టేది ఈ రోజుల్లోనే. పాలపిట్ట ఆకాశంలోకి లేచి పల్టీలు కొడుతూ అరుస్తూ దిగేదీ ఇప్పుడే. వానాకాలంలో కొండ చుట్టూ మబ్బు చూసి వస్తాం, కొండను చూసేది ఇప్పుడు.

తిథి చంద్రుడిది, ఎండ సూర్యుడిది

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ మాట పట్టుకుని శివరాత్రి నుంచి ఉగాది దాకా నడక నెల అంటే సరిపోతుందా? ఇక్కడే మొదటి చిక్కు. రెండు పండగల మధ్య దూరం ఎప్పుడూ నెల పైన ఒకటి రెండు రోజులే. కానీ అధికమాసం వచ్చిన మరుసటి ఏడు ఆ నెల మొత్తం ఆలస్యంగా వస్తుంది. 2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న, ఉగాది మార్చి 22న వచ్చాయి. 2024లో శివరాత్రి మార్చి 8, ఉగాది ఏప్రిల్ 9. పద్దెనిమిది రోజుల తేడా. కర్నూలు, నంద్యాల వైపు ఎండలు తెలిసినవాళ్లకు ఆ పద్దెనిమిది రోజులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మార్చి నడిమికే అక్కడ 37, 38 డిగ్రీలు మామూలు.

అందుకని నెలను పండగలతో గుర్తుపెట్టుకున్నా, గంటలను నీడతో కొలవాలి. పద్ధతి చాలా సులువు. చదునైన చోట చేతికర్రను నిటారుగా నిలబెట్టండి. దాని నీడ కర్ర కంటే పొడుగ్గా ఉన్నంతసేపు సూర్యుడు 45 డిగ్రీల కిందే ఉన్నట్టు. నీడ కర్రంత అయిందంటే నడక ముగిసిపోవాలి, తిరుగు మొదలుపెట్టడం కాదు. శ్రీశైలం ప్రాంతానికి లెక్క కడితే ఫిబ్రవరి 18న ఆ క్షణం ఉదయం సుమారు 10:05కి వస్తుంది. మార్చి 22న 9:30కి. ఏప్రిల్ 9న 9:15కే. చూశారా, ఎండ ముదిరేకొద్దీ మన గడువు కూడా దానంతటదే తగ్గుతూ వస్తోంది. సాయంత్రం మళ్లీ నీడ కర్రను దాటేది మార్చి 22న 3:10 ప్రాంతంలో. అయినా సాయంత్రపు నడకకు నేను ఒప్పుకోను, కారణం కిందికి వెళ్లాక చెబుతాను.

ఒక జాగ్రత్త. వాలు మీద నీడ అబద్ధం చెబుతుంది. తూర్పు వైపు ఎత్తుగా లేస్తున్న వాలు మీద నిలబడితే పొద్దుటి నీడ కిందికి సాగి పొడుగ్గా కనబడుతుంది, ఇంకా టైముందిలే అనిపిస్తుంది. చదును దొరకనప్పుడు గడియారాన్నే నమ్మండి.

ఈ లెక్కలో ఎంత దూరం పడుతుంది? మార్చి మధ్యలో పొద్దు పొడిచేది 6:20 దాటాకే. 6:30కి బయల్దేరితే 9:30కి మూడు గంటలు. అందులో ఆగడాలకు, చూడడాలకు అరగంట తీసేయండి. ఎండుటాకులు, గులకరాళ్లు ఉన్న కొండదారిలో గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. దాని మీద ప్రతి వంద మీటర్ల ఎక్కుడుకూ పది నిమిషాలు కలపాలి. రానూపోనూ ఆరు కిలోమీటర్లకు రెండు గంటలు, 200 మీటర్ల ఎత్తుకు ఇరవై నిమిషాలు. చేతిలో మిగిలేది పది నిమిషాలు. అంతే. "ఆరు కిలోమీటర్ల కోసం తెల్లారగట్ల మూడింటికి హైదరాబాదులో లేవాలా?" అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. ముందురోజు రాత్రే కొండ కింది ఊరికి చేరి పడుకోమని చెప్పగలను, అంతకన్నా ఏం చెబుతాం.

దారి ఎంచుకోవడంలో ఇంకో కిటుకుంది. చెట్టుకు నీడ లేని కాలంలో కొండ నీడే దిక్కు. పొద్దున పూట కొండకు పడమటి పక్కన ఎక్కి, పడమటి పక్కనే దిగే దారి ఉంటే ఎండ మనల్ని చేరడానికి గంట, గంటన్నర ఆలస్యమవుతుంది. లోతైన వాగు వెంట నడిచే దారులకూ ఇదే లాభం. తూర్పు ముఖం దారుల్లో పొద్దు పొడిచిన క్షణం నుంచీ మొహం మీద ఎండే. జట్టు నడకల్లో ఈ సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. పార్కింగు ఎటుంటే అటు నుంచే ఎక్కేస్తారు.

నీళ్ల లెక్క

మనిషికి గంటకు ముప్పావు లీటరు, దాని మీద ఒక లీటరు ముట్టుకోకుండా. మూడు గంటల నడకకు మూడుంబావు లీటర్లు, అంటే వీపు మీద మూడుంబావు కిలోలు. బరువనిపించి తగ్గించేది ఇక్కడే, కష్టాలు మొదలయ్యేదీ ఇక్కడే. జట్టుగా వెళ్లినప్పుడు తరచూ జరిగేది ఒకటుంది. పైకి ఎక్కేటప్పుడు చల్లగా ఉంటుంది గనక ఎవరూ తాగరు. పైకి చేరాక ఫోటోలు, కబుర్లు, ఉన్నవన్నీ తాగేయడం. దిగేటప్పుడు ఎండ వీపున పడుతుంటే సీసాలు ఖాళీ. దీనికి మందు సీసాను కంటితో కొలుచుకోవడమే. సగం నీళ్లు అయిపోతే ఎంత దూరంలో ఉన్నా వెనక్కి తిరగాలి.

చెమట పట్టాక ఒట్టి నీళ్లు చాలవు. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి. నిమ్మకాయ పిండుకోవచ్చు. ఓఆర్ఎస్ పొట్లం తెచ్చుకుంటే దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చిన్న సీసాలో పొట్లం మొత్తం దులిపేసి తాగడం మంచిది కాదు, ఉప్పు మోతాదు పెరిగి దాహం ఇంకా ఎక్కువవుతుంది. మజ్జిగ బ్రహ్మాండం, కానీ ప్లాస్టిక్ సీసాలో బిగించి సంచీలో పెడితే ఎండకు పులిసి మూత ఎగిరిపడొచ్చు. సొరకాయ బుర్రలో అంబలి పట్టుకెళ్లే పాతకాలం వాళ్లకు ఈ బాధ లేదు.

అడవిలో దొరికే నీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. వాగులు ఎండి గుండాల్లో మాత్రమే నీరు మిగిలే కాలమిది. ఇసుకలో తీసిన చెలమలు కూడా మనకోసం కావు. ఆ నాలుగు నీటి చోట్ల చుట్టూ ఆ అడవిలోని జంతువులన్నీ బతుకుతుంటాయి. అక్కడ మనం చాప పరిచి టిఫిను విప్పామంటే అవతల పొదల్లో ఎన్ని గొంతులు ఎండుతున్నాయో మనకు కనబడదు. గుండాన్ని దూరం నుంచి చూసి పక్కనుంచి వెళ్లిపోవడం ఈ నెల మర్యాద.

ఆకుల కింద

వానాకాలంలో జారిపడితే తప్పు బురదది. ఇప్పుడు జారిపడితే ఆకులది. నల్లమల, శేషాచలాల్లో రాయి ఎక్కువగా క్వార్ట్‌జైటు, దాని నడుమ పలకలుగా ఊడొచ్చే షేలు. క్వార్ట్‌జైటు ముక్కలు గట్టివి, అంచులు పదును, కాలి కింద ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. వాటి మీద చేతి మందాన ఎండుటాకులు పరుచుకుంటే కింద రాయి ఎటు వంగి ఉందో కనబడదు. అనంతగిరిలో ఎర్రటి లాటరైటు గులకలు గోలీకాయల్లా దొర్లుతాయి. రాచకొండలో నల్లరాతి బండ ఆరి ఉంటే కాలికి గట్టిగా పట్టిస్తుంది గానీ, బండ మీద పెచ్చులుగా లేచిన చోట, రవ్వ పరుచుకున్న చోట మోసం చేస్తుంది. పదకొండింటికల్లా ఆ బండ పెనంలా కాలుతుంది కూడా.

దిగేటప్పుడే పడేది. అడుగు చిన్నది చేసి, మోకాలు కాస్త వంచి, పాదాన్ని వాలుకు అడ్డంగా పెట్టాలి. మడమ ముందు ఆనిస్తే ఆకుల మీద చక్రం తిరిగినట్టు జారుతుంది. కర్రతో ముందు ఆకులు పక్కకు తోసి, రాయి కనబడ్డాక కాలు పెట్టాలి. కర్ర నేల మీద నిలబెడితే మోచేతి ఎత్తు ఉండాలి. వెదురు చాలు. అల్యూమినియం కర్ర మడతపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ, రాళ్ల సందుల్లో ఇరుక్కుంటే వంగిపోతుంది.

కర్ర చప్పుడుకు ఇంకో ప్రయోజనం ఉంది. చలి తగ్గాక పాములు బయటికి వస్తాయి. రక్తపింజర, చిన్నపింజర రెండూ ఎండుటాకుల రంగులో కలిసిపోతాయి, అడుగు పడేదాకా కదలవు. పడిపోయిన మానును దాటాల్సివస్తే ఒక్క అంగలో దాటొద్దు. ముందు మాను మీద కాలుపెట్టి అవతల ఏముందో చూసి దిగాలి. బండ అంచు మీద చెయ్యి ఆనించేముందు కళ్లతో చూడాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. కాలు కదలకుండా పెట్టి, మనిషిని మోసుకుని, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. అందుకే నడక మొదలుపెట్టకముందే ఆ ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కోవాలి. 108కు సిగ్నలు దొరికే చోటు కూడా.

పాముకన్నా ఎక్కువమందిని ఏడిపించేది దూలగొండి. తీగె మీద వంకర కాయలు ఈ రోజుల్లో ఎండి, బంగారు రంగు నూగుతో నిగనిగలాడుతుంటాయి. చూడముచ్చటగా ఉంటాయి గనక పిల్లలు చెయ్యి పెడతారు. గాలికి నూగు రాలి మెడ మీద పడినా చాలు. మొదట అందరూ చేసే పని గోకడం, రుద్దడం. దాంతో నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్యాకింగుకు వాడే టేపు ముక్క చర్మం మీద అంటించి లాగాలి. రెండు మూడుసార్లు కొత్త ముక్కలతో లాగితే చాలావరకు వచ్చేస్తుంది, ఆ తర్వాతే సబ్బు, నీళ్లు. పేడ పూసి, ఎండాక దులిపే పాత పద్ధతి పనిచేసేదీ ఇదే సూత్రం మీద. రెండు గజాల టేపు కర్రకే చుట్టి పెట్టుకోండి, దాని బరువెంత.

ముల్లుగింజల గడ్డి గురించి కూడా ఒక మాట. గాలాడే జాలీ బూట్లలోకి ఆ గింజలు సూదుల్లా దూరి, మేజోడు దాటి చర్మంలో దిగుతాయి. నేత దట్టంగా ఉన్న బూట్లు, ప్యాంటు కొసలు మేజోళ్లలోకి దోపుకోవడం. ఇలా దోపుకుంటే పిడుదులు కూడా పైకి పాకవు. పశువులు పడుకునే నీడ కింద కూర్చోవద్దు, అక్కడ పిడుదులు గుంపుగా ఉంటాయి. పట్టుకున్న పిడుదును చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా నిటారుగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు మానేయాలి.

ఇప్పచెట్టు దగ్గర పేచీ

నా వాదనలో బలహీనమైన చోటు ఇది. తెల్లవారగట్ల నడవమంటున్నాను. మార్చిలో ఇప్పపూలు రాలేది కూడా తెల్లవారగట్లే. రాలిన పూల తీపి వాసన వెంట ఎలుగుబంటి వస్తుంది. దాని చూపు మందం, తల నేలకు వంచి తింటూ ఉంటుంది, మనం దగ్గరికి వచ్చేదాకా తెలుసుకోదు. తెలిసిన క్షణాన ఉలిక్కిపడి మీదికి వస్తుంది. ఎలుగు దాడుల్లో చాలావరకు ఇలా ఎదురుపడి బెదిరినవే. అంటే ఎండ తప్పించుకోవాలంటే ఎలుగు వేళలో నడవాలి, ఎలుగు తప్పించుకోవాలంటే ఎండలో నడవాలి.

పూర్తిగా తెగే చిక్కు కాదిది. కొంత సర్దుకోవచ్చు. చీకట్లో టార్చి పట్టుకుని బయల్దేరొద్దు, పొద్దు పొడిచాకే కదలాలి. నలుగురికి తక్కువ వద్దు. మొదటి గంట మాట్లాడుకుంటూ నడవాలి. పిట్టలు పోతాయని గొణగొద్దు, పిట్టలు మళ్లీ వస్తాయి. దారిలో ఇప్పచెట్లు ఎక్కడున్నాయో ఊరివాళ్లకు చెట్టు చెట్టూ తెలుసు, ముందురోజే అడగాలి. ఆ చెట్ల కిందికి తెల్లవారుజామునే బుట్టలతో వెళ్లేది వాళ్లే గదా. ఎలుగు ఎదురుపడితే పరిగెత్తకుండా, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. సాయంత్రపు నడక వద్దన్నది కూడా ఇందుకే. పొద్దున ఆలస్యమైతే వెలుగు పెరుగుతుంది, సాయంత్రం ఆలస్యమైతే చీకటి పెరుగుతుంది. చిరుత, ఎలుగు కదిలే వేళలో మనం ఇంకా దారి మీదే ఉంటాం. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో రాత్రిపూట ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకున్నాక, మధ్యాహ్నం దాటితే పిల్లలతో ఆ దారిన వెళ్లనివ్వకుండా ఆంక్షలు పెట్టారు. అంత జనం తిరిగే దారి సంగతే అది.

కొండచరియల తేనెపట్ల గురించి వేరే చెప్పాలా? పట్టు కనబడిన చోట పొగ, అత్తరు, కేకలు మూడూ నిషిద్ధం. ఈగలు లేస్తే తువ్వాలు మొహానికి చుట్టుకుని ఆగకుండా దూరం వెళ్లిపోవాలి, చేతులు ఆడించొద్దు. దిగిన ముళ్లను వెంటనే గోటితో గీకేయాలి.

నిప్పు

ఫిబ్రవరి నుంచి తొలి వానల దాకా అటవీశాఖకు అగ్గి కాలం. ఆ ముందే మంట పాకకుండా ఖాళీగా ఉంచే ఫైర్ లైన్లు ఊడ్చి, కావలి మనుషులను పెట్టుకుంటారు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలు పట్టిన నిప్పు చుక్కలను ఎప్పటికప్పుడు పంపిస్తుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు జనం ఫోన్లకూ సందేశం వస్తుంది. నడిచే వారం ఆ పటం ఒకసారి చూసుకోవడం మంచిది.

నిప్పు ఎవరు పెడతారన్న దాని మీద తీర్పులిచ్చే ముందు కాస్త ఆగాలి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, బీడీ ఆకు చిగురు కోసం తునికి పొదలకు నిప్పంటిస్తారు. నిజమే. కానీ వాళ్లకది ఏడాది రాబడి, పొద్దున పూట నిలబడి కాపలా కాస్తూ కాల్చేవాళ్లూ ఉన్నారు. కాల్చిన బీడీ ముక్క విసిరేసే యాత్రికుడికి, చెట్టు మొదట్లో కర్పూరం వెలిగించి వెళ్లిపోయే భక్తుడికి, రీలు కోసం చలిమంట వేసే కుర్రాడికి ఆ మాత్రం సాకు కూడా లేదు. ఎండుటాకుల నడుమ స్టవ్వు సైతం వద్దు. తినేది వండుకునే తీసుకెళ్లండి.

పొగ కనబడితే? నిప్పు వాలు ఎక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది, మిట్టమధ్యాహ్నం గాలి కూడా లోయ నుంచి పైకే వీస్తుంది. కాబట్టి కొండ పైకి పరిగెత్తడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. మన అడవుల్లో మంట ఎక్కువగా నేలబారునే, మోకాలెత్తున ఆకులను తింటూ పోతుంది. గడ్డి ఎత్తుగా ఉన్న చోట మాత్రం మనిషెత్తు లేస్తుంది. అందుకని గడ్డి లేని వైపుకు, ఎండిన వాగు ఇసుకలోకి, బోడి బండ మీదికి, లేదంటే అప్పటికే కాలి నల్లబడి చల్లారిన నేల మీదికి చేరాలి. సింథటిక్ బట్టలు నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. ఈ నెలలో నూలు బట్టలే వేసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

ఎక్కడ

నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల లోపల అనుమతి లేకుండా కాలినడక చట్టవిరుద్ధం. దాన్ని సాహసంగా చెప్పుకోవడం మానుకోవాలి. దారిగేట్లు కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటాయి. అయితే ఏటా ఈ రోజుల్లోనే కొన్ని పాత దారులు తెరుచుకుంటాయి. శివరాత్రికీ ఉగాదికీ వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి జనం నడుస్తారు. ఉగాదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కన్నడిగులు, తమ ఆడపడుచును చూడ్డానికి వచ్చినట్టు భ్రమరాంబకు చీరె, సారె పట్టుకుని ఎన్నో రోజులు నడిచి వస్తారు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినట్టు 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి పేరు చెబుతారు. తిరుమలలో తుంబురు తీర్థం దారి ఫాల్గుణ పౌర్ణమికి తెరుస్తారు. అహోబిలం బ్రహ్మోత్సవాలు కూడా ఫాల్గుణంలోనే. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి, అప్పటికి ఎండ ముదిరిపోయి ఉంటుంది.

ఈ తిథులన్నీ వరసగా ఇక్కడే పడడం కాకతాళీయమని నాకు అనిపించదు. వాగులు దాటొచ్చు, దారి కనబడుతుంది, పొలం పనులు తగ్గాయి. కానీ యాత్రికుల పద్ధతిని మనం గుడ్డిగా తీసుకోకూడదు. వాళ్లు వేలమంది, దారి పొడవునా చలివేంద్రాలు, అన్నదానాలు, కావలి సిబ్బంది. ఆ గుంపు రక్షణ తిథి దాటిన మర్నాడు ఉండదు. వారం తర్వాత అదే దారిలో నలుగురు దిగితే వాళ్లకు మిగిలేది అడవి, ఎండ, అనుమతి లేని నేరం.

తీర్థాలు కుదరనివాళ్లకు ఊరి గుట్ట చాలు. రాచకొండ కోట గోడల వెంట సీతాఫలం పొదలు ఇప్పుడు ఆకు రాల్చి ఉంటాయి. పద్మనాయక రాజులు బండకూ బండకూ మధ్య రాళ్లు పేర్చి గోడ ఎలా సాగించారో ఆ పొదలు పచ్చగా ఉన్నప్పుడు కనబడదు. మూసీ పుట్టే అనంతగిరిలో ఫిబ్రవరి చివరి వారం, మార్చి మొదటి వారం మోదుగ కోసం వెళ్లొచ్చు. లంకమల వైపు ముళ్లపొదల నేల కలివికోడిది. 1986లో మళ్లీ కనబడేదాకా అంతరించిందనుకున్న పిట్ట, రాత్రి తిరిగేది. అక్కడ దారి తప్పి పొదల్లో అడుగుపెట్టకపోవడమే దానికి మనం చేసే ఉపకారం.

బూరుగ కోసం ఎటూ పోనక్కర్లేదు, చెరువుగట్టు మీద కూడా ఉంటుంది. కింద నిలబడితే అరచేతి వెడల్పు ఎర్రటి పువ్వు మొత్తానికి మొత్తం ఊడి ఎండుటాకుల మీద టప్పున పడుతుంది. తీసి చూస్తే రేకులు తోలులా దళసరిగా, లోపల కేసరాల కుచ్చు ఇంకా తడిగా, దాంట్లో ఒక చీమల బారు. అడవిలో అయితే ఆ చప్పుడు విని దుప్పులు వస్తాయి, పైన కొండముచ్చులు తింటూ సగం కింద పడేస్తుంటే కింద దుప్పులు ఏరుకుంటాయి. తొమ్మిదిన్నరకు ఆ చెట్టు నీడ కూడా చెట్టంతే అయి, కొమ్మల గీతలుగా మాత్రమే పడి ఉంటుంది. అప్పటికి మీరు బస్సు దగ్గర ఉండాలి.